చిప్ లేని కార్డు

దాని మీద ఒక్క ఐసీ కూడా లేదు. జానెడుకు తక్కువ, బెత్తెడుకు ఎక్కువ పొడవున్న ఆకుపచ్చ కార్డు. కింది అంచున బంగారు పూత కాంటాక్టులు. మిగతా ఒంటి నిండా నువ్వుగింజల కన్నా కాస్త పెద్దవైన నల్లటి దిమ్మెలు, బారులు తీరిన చీమల్లా. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత మదర్‌బోర్డు బేరమాడుతుంటే, అమ్మేవాడు ఆ కార్డును అట్టపెట్టెలోంచి తీసి పక్కన పడేశాడు. "గది డమ్మీ సార్. దాంట్ల ఏం లేదు. బోర్డుతోని ఊకెనే తీస్కోండ్రి" అన్నాడు.

దాంట్లో ఏం లేదన్న మాట కంటికి నిజమే. మెమరీ చిప్ లేదు, ప్రాసెసర్ లేదు. కానీ బంగారు పూత ఖర్చుతో కూడిన పని. ఏ పనీ చేయని కార్డుకు ఏ కంపెనీ అయినా వందల కాంటాక్టులకు బంగారం ఎందుకు పూయిస్తుంది? పేరు తెలియని విడిభాగం చేతికొచ్చినప్పుడు నేను ముందు అడిగే ప్రశ్న "దీని పేరేమిటి" అన్నది కాదు, "ఏ ఇబ్బంది వచ్చి దీన్ని తయారుచేశారు" అన్నది. ఇబ్బంది దొరికితే పేరు దానంతట అదే వస్తుంది.

ఆ అట్టపెట్టెలో మొత్తం రెండు బోర్డులున్నాయి. పైదాని మీద రెండు పొడవాటి నల్లటి స్లాట్లు, పక్కపక్కన, కవల పిల్లల్లా. కిందిదాని మీద రెండు చదరపు సాకెట్లు. రెండూ జంట ప్రాసెసర్ల బోర్డులే. వాటితోపాటు ఏ మిషన్‌లోంచి ఊడి వచ్చాయో తెలియని అరడజను వస్తువులు. ఇప్పటి ఫోన్‌లో కూడా ఎనిమిది కోర్లుంటాయి కాబట్టి రెండు ప్రాసెసర్లంటే పెద్ద విశేషం అనిపించదు. 1990లలో ఆ ఎనిమిదీ ఒకే చిప్‌లో కూర్చునే వీలు లేదు. రెండు మెదళ్లు కావాలంటే రెండు విడి చిప్‌లు కొనాలి, రెండింటినీ ఒకే బోర్డు మీద కూర్చోబెట్టాలి, అవి ఒకదాని మాట ఒకటి తొక్కేయకుండా చూడాలి. ఆ కాపురం నడపడానికి పుట్టినవే ఈ వింత భాగాలన్నీ.

బోర్డు మీద అచ్చయిన అక్షరాలన్నీ పేర్లు కావు. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు ముందు పట్టుకునేది 94వి-0 అన్న రాతను. పెద్దగా, స్పష్టంగా ఉంటుంది కాబట్టి అదే మోడల్ నంబరు అనుకుని వెతుకుతారు. అది మంటకు సంబంధించిన గ్రేడు. నిప్పంటుకున్నా బోర్డు తనంతట తాను త్వరగా ఆరిపోతుందని అమెరికాలోని యూఎల్ సంస్థ ప్రమాణం ప్రకారం వేసే ముద్ర. ప్రపంచంలో కోట్ల బోర్డుల మీద అదే ఉంటుంది. దాని పక్కనే 'ఈ' అక్షరంతో మొదలయ్యే పొడవాటి అంకె ఉంటే, అది రాగి పొరలు అతికించి ఖాళీ బోర్డు తయారుచేసిన ఫ్యాక్టరీ నంబరు. కంప్యూటర్ కంపెనీ వేరు, బోర్డు అచ్చువేసిన ఫ్యాక్టరీ వేరు. ఇంటి గోడ మీద ఇటుక బట్టీ ముద్ర చూసి ఇంటి యజమాని పేరు చెప్పలేం కదా.

నిజంగా అక్కరకొచ్చేవి చిప్‌ల మీది నాలుగంకెల తేదీ ముద్రలు. 9847 అని ఉంటే 1998లో 47వ వారం. ఒక్కో చిప్ మీద ఒక్కో తేదీ ఉంటుంది, ఎందుకంటే అవి వేర్వేరు చోట్ల తయారై, గోదాముల్లో కొన్నాళ్లు పడి ఉండి, చివరికి ఒకే బోర్డు మీదకు చేరతాయి. తవ్వకాల్లో నాణేల కుండ బయటపడితే పురావస్తు శాస్త్రజ్ఞులు అందులో అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తారు. కుండను పాతిపెట్టింది ఆ నాణెం అచ్చయిన తరవాతే అయి ఉండాలి. బోర్డుకూ అదే లెక్క. పై బోర్డు మీద అన్నిటికన్నా కొత్త ముద్ర 9847. కాబట్టి దాన్ని బిగించింది 1998 చలికాలం కన్నా ముందు కాదు.

ఇక కార్డు సంగతి. కాంటాక్టులు లెక్కపెట్టాను. ఓపిక ఉన్నవాళ్లకు ఇదొక్కటే సగం జవాబు. రెండు పక్కలా కలిపి 242. ఆ అంకె 1997లో పెంటియమ్-2తో ఇంటెల్ తెచ్చిన స్లాట్-1ది. జియాన్ కోసం వచ్చిన స్లాట్-2 అయితే 330 ఉండాలి. అంటే ప్రాసెసర్ కూర్చోవలసిన పీటలో కూర్చునే వస్తువు ఇది, కానీ ప్రాసెసర్ కాదు.

భూతద్దం కింద నల్ల దిమ్మెల మీద 560 అని కనిపించింది. ఇక్కడ చాలామంది జారిపడతారు. అది 560 ఓమ్‌లు కాదు. ఇంత చిన్న రెసిస్టర్ల మీద మొదటి రెండంకెలు విలువ, మూడో అంకె పక్కన చేర్చాల్సిన సున్నాల లెక్క. 56 పక్కన సున్నా సున్నాలు, అంటే 56 ఓమ్‌లు. మల్టీమీటర్ పెట్టి చూస్తే అంతే చూపించింది. ఒక్కో దిమ్మెలో నాలుగేసి రెసిస్టర్లు. అన్నిటికీ ఒక కొస స్లాట్ కాంటాక్టుకు, రెండో కొస అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక వెడల్పాటి రాగి పట్టీకి కలిపి ఉంది.

56 ఓమ్‌లు ఎందుకో అర్థం కావాలంటే కాసేపు కంప్యూటర్‌ను వదిలేసి పెరట్లో దండెం దగ్గరికి వెళ్లాలి. తాడు ఒక కొస గుంజకు గట్టిగా కట్టి ఉంది. రెండో కొస చేత్తో పట్టుకుని ఒక్కసారి పైకీ కిందికీ విదిలించండి. ఒక మూపురం తాడు వెంట పరుగెత్తి, గుంజను తాకి, తలకిందులై మన చేతికి తిరిగొస్తుంది. గుంజకు బదులు అదే బరువున్న తాడు అవతల ఇంకా మైళ్ల దూరం సాగి ఉంటే, ఆ మూపురం తిరిగి రాదు, పోతూనే ఉంటుంది. తిరిగి రావడానికి కారణం తాడు ఆగిపోవడం కాదు, తాడు స్వభావం అక్కడ ఉన్నట్టుండి మారిపోవడం.

రాగి ట్రాక్ మీద విద్యుత్ సంకేతం కూడా అంతే. శూన్యంలో వెలుగు ఒక నానోసెకండుకు 30 సెంటీమీటర్లు పోతుంది. బోర్డులోని ఫైబర్‌గ్లాస్ మధ్య సంకేతం వేగం అందులో సగం, 15 సెంటీమీటర్ల చిల్లర. 1998లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డుల్లో ప్రాసెసర్ బస్సు, అంటే ప్రాసెసర్ మాటలు మోసే తీగల కట్ట, సెకండుకు 10 కోట్ల సార్లు కొట్టుకునేది. ఒక్కో దెబ్బకు 10 నానోసెకండ్లు. ఇరవై సెంటీమీటర్ల ట్రాక్ చివరి దాకా వెళ్లి ప్రతిధ్వని తిరిగి రావడానికి రెండున్నర నానోసెకండ్లకు పైనే. అంటే ఒక మాట పూర్తిగా వినే లోపలే, అదే మాట ప్రతిధ్వని వచ్చి దాని మీద పడుతుంది. ఒకటి సున్నాలా, సున్నా ఒకటిలా వినిపిస్తాయి. పాతకాలం బోర్డుల్లో ఈ బాధ లేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ప్రతిధ్వనులన్నీ అణగిపోయేంత తీరిక ఉండేది. వేగం పెరిగాక తీగ వట్టి తీగ కాదు, తరంగం నడిచే కాలువ అయింది.

ఆ కాలువ స్వభావాన్ని కొలిచే అంకె ఒకటుంది. ట్రాక్ వెడల్పు, కింద రాగి పొర ఎంత లోతున ఉంది అన్నదాన్ని బట్టి అది మారుతుంది. దాన్ని ఇంపీడెన్స్ అంటారు, కొలిచేది ఓమ్‌లలోనే. ఈ బోర్డుల్లో అది సుమారుగా 50, 60 ఓమ్‌ల మధ్య. ట్రాక్ కొసన దానికి దగ్గర విలువున్న రెసిస్టర్ పెడితే, సంకేతానికి తాడు ఇంకా మైళ్ల కొద్దీ సాగుతున్నట్టే అనిపిస్తుంది. కొసకు వచ్చి, రెసిస్టర్లో వేడిగా కరిగిపోతుంది. చెరువులో అల రాతి గట్టును కొడితే వెనక్కి మళ్లుతుంది, ఇసుక పల్లం మీదకు ఎక్కితే అక్కడే ఇంకిపోతుంది. ఆ 56 ఓమ్‌ల దిమ్మెలన్నీ ఇసుక పల్లాలే.

పెంటియమ్-2 బస్సు పద్ధతిని జీటీఎల్+ అంటారు. దాని మాతృక జిరాక్స్ సంస్థలో విలియం గనింగ్ రూపొందించిన పద్ధతి, పేరులో మొదటి అక్షరం ఆయనదే. అందులో ఎవరూ తీగను పైకి నెట్టరు. మాట్లాడాలనుకున్నవాడు తీగను కిందికి లాగుతాడు, వదిలేస్తే రెసిస్టర్లు దాన్ని 1.5 వోల్టులకు పైకి లేపుతాయి. కాబట్టి రెసిస్టర్‌కు రెండు పనులు: తీగను లేపడం, అలను ఇంకించుకోవడం. కార్డు మీద వెడల్పాటి ఉమ్మడి పట్టీ ఆ 1.5 వోల్టులది. పెంటియమ్-2 కార్ట్రిడ్జి విప్పి చూస్తే ఈ రెసిస్టర్లు దాని లోపలే ఉంటాయి. జంట బోర్డులో రెండు ప్రాసెసర్లు బస్సు రెండు కొసల్లో, చిప్‌సెట్ మధ్యలో. ఎవరి కొసను వాళ్లే కాచుకుంటారు. కానీ కొనేవాడి దగ్గర ఒక ప్రాసెసర్‌కే డబ్బుంటే? రెండో స్లాట్ ఖాళీగా ఉండి, వందకు పైగా తీగలు గాల్లోకి నోరు తెరుచుకుని ఆగిపోతాయి. ఆ నోళ్లు మూయడానికి ప్రాసెసర్‌లోంచి మెదడు తీసేసి, రెసిస్టర్లను మాత్రమే ఉంచిన కార్డు ఒకటి చేశారు.

పేరు టర్మినేటర్ కార్డు. కొత్త బోర్డు పెట్టెలో మాన్యువల్‌తోపాటు వచ్చేది. రెండో ప్రాసెసర్ కొన్న రోజున దాన్ని తీసి డ్రాయర్‌లో పడేసేవాళ్లు, తరవాత ఎవరో డ్రాయర్ శుభ్రం చేసేవాళ్లు. అందుకే ఇప్పుడు బోర్డులు దొరికినంత తేలిగ్గా ఈ కార్డులు దొరకవు.

పెట్టెలో చిప్ లేని కార్డు ఇంకొకటి ఉంది. మొదటిదాని తోబుట్టువే అనుకున్నాను, పొరపాటు. ఇది ర్యామ్ కర్ర ఆకారంలో ఉంది. కాంటాక్టులు 184, నడిమి భాగంలో దగ్గర దగ్గరగా రెండు గాట్లు. దీని మీద చిప్‌లే కాదు, రెసిస్టర్లు కూడా లేవు. ఎడమ వైపు కాంటాక్టు నుంచి బయల్దేరిన ట్రాక్ నేరుగా కుడి వైపు కాంటాక్టుకు పోతుంది. బజర్ పెట్టి చూస్తే కూతే.

రెసిస్టర్ ఉంటే అలను ఆపే వస్తువు. వట్టి తీగే ఉంటే దాటించే వస్తువు. దాటించాల్సిన ఇబ్బంది ఎక్కడొచ్చింది? ర్యామ్‌బస్ మెమరీలో. 1999లో వచ్చిన ఇంటెల్ 840, 2001లో వచ్చిన 860 చిప్‌సెట్లు జంట ప్రాసెసర్ల వర్క్‌స్టేషన్ల కోసం చేసినవి, రెండూ ఈ మెమరీని వాడేవి. మామూలు ర్యామ్ స్లాట్లు బస్సు పక్కన బస్టాపుల్లా ఉంటాయి, ఒకటి ఖాళీగా ఉంటే నష్టం లేదు. ర్యామ్‌బస్‌లో తీగ మొదటి కర్రలో ఒక చివర ఎక్కి, రెండో చివర దిగి, తరవాతి కర్రలోకి ఎక్కుతుంది. వినాయక చవితి పందిరికి కట్టే పాతకాలపు బల్బుల దండ లాంటి ఏర్పాటు. నడుమ ఒక బల్బు పీకేస్తే దండంతా ఆరిపోతుంది. ఖాళీ స్లాట్‌లో దారి తెగకుండా ఈ వట్టి తీగల కర్ర పెట్టాలి. దీన్ని కంటిన్యుయిటీ మాడ్యూల్ అంటారు. దండ చివర అలను ఇంకించుకునే రెసిస్టర్లు మదర్‌బోర్డు మీదే ఉంటాయి, కాబట్టి ఈ కర్రకు ఆ పని లేదు. రెండు చిప్ లేని కార్డులు, రెండు ఎదురెదురు పనులు. చూపుకు ఒకేలా ఉన్న వస్తువుల మధ్య ఇంత తేడా దొరికిన క్షణం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

మూడో వస్తువు చేతిలో బరువుగా ఉంది. నిలువుగా నిలబడే చిన్న బోర్డు. రాగి తీగ చుట్టిన ఉంగరం లాంటి కాయిల్, పొట్టి డబ్బాల్లాంటి కెపాసిటర్లు, మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లు రెండు, కింద రెండు వరసల కనెక్టర్. కాయిల్, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ ఒకచోట కనిపిస్తే కరెంటు దించే పని జరుగుతోందని అర్థం. ఇది వోల్టేజి రెగ్యులేటర్ మాడ్యూల్, పాతవాళ్లు వీఆర్‌ఎమ్ అంటారు.

దీన్ని బోర్డుకే శాశ్వతంగా సోల్డర్ చేయకుండా ఊడదీసేలా ఎందుకు చేశారు? 1995 నవంబరులో పెంటియమ్ ప్రో వచ్చింది. 387 పిన్నుల పింగాణీ పలక, లోపల ప్రాసెసర్ ఒక ముక్క, దానికి దగ్గర్లో ఉండే వేగమైన చిన్న మెమరీ, అంటే కాష్, ఒక ముక్క పక్కపక్కన. 150 మెగాహెర్ట్జ్ రకానికి 3.1 వోల్టులు కావాలి, 200 రకానికి 3.3. ఆ 200 రకం సుమారు 35 వాట్లు తాగేది, అంటే 10 ఆంపియర్లకు పైన. ఇంట్లో ఐరన్ బాక్సు తీసుకునేది ఐదారు ఆంపియర్లు. వోల్టులు తక్కువైతే అదే వాట్లకు ఆంపియర్లు పెరుగుతాయి, అంత ప్రవాహం దూరం నుంచి తీసుకొస్తే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. అందుకే దించే యంత్రం ప్రాసెసర్ పక్కనే ఉండాలి, ఒక్కో ప్రాసెసర్‌కు ఒకటి. రెండో ప్రాసెసర్ కొనని మనిషికి రెండో రెగ్యులేటర్ ఖర్చు దేనికని దాన్ని విడిగా పెట్టారు.

ఎన్ని వోల్టులు ఇవ్వాలో రెగ్యులేటర్‌కు చెప్పేది ప్రాసెసరే. ఇంకా కరెంటు కూడా రాని ప్రాసెసర్ ఎలా చెబుతుంది? పెంటియమ్ ప్రోకు నాలుగు ప్రత్యేకమైన పిన్నులున్నాయి. తయారీలోనే వాటిలో కొన్నిటిని గ్రౌండ్‌కు కలిపేస్తారు, కొన్నిటిని వదిలేస్తారు. నాలుగు పిన్నులతో 16 రకాల సైగలు చేయొచ్చు. 2.1 నుంచి 3.5 వోల్టుల దాకా పదోవంతు మెట్లతో 15 సైగలు సరిపోయాయి. పదహారోది, నాలుగూ వదిలేసినది, "ఇక్కడ ఎవరూ లేరు" అని చెప్పే సైగ. ఖాళీ సాకెట్‌లో పిన్నులేవీ గ్రౌండ్‌ను తాకవు కాబట్టి ఆ సైగ దానంతట అదే పుడుతుంది! ఇంత చక్కటి ఆలోచన చేసిన ఇంజనీరుకు దణ్ణం పెట్టాలనిపించింది. పెంటియమ్-2 కాలానికి వోల్టులు ఇంకా తగ్గడంతో ఐదో పిన్ను చేర్చారు. స్లాట్-2 జియాన్‌లో కోర్‌కు ఒక వోల్టేజి, కాష్‌కు వేరే వోల్టేజి కావలసి వచ్చింది. అందుకే ఆ బోర్డుల మీద ప్రాసెసర్లు రెండే అయినా రెగ్యులేటర్ల చోట్లు అంతకన్నా ఎక్కువ కనిపిస్తాయి. ఇక్కడొక హెచ్చరిక. కనెక్టర్ సరిపోయిందని ఏదో ఒక మాడ్యూల్ గుచ్చి స్విచ్ వేయకూడదు. మాడ్యూల్‌కు ఐదో సైగ తెలుసో లేదో చూసుకోకుండా వేస్తే, మళ్లీ దొరకని ప్రాసెసర్ ఒక్క క్షణంలో పోతుంది.

పింగాణీ పెంటియమ్ ప్రోల గురించి ఒక బాధ చెప్పుకోవాలి. వాటి మీద బంగారం ఎక్కువని తుక్కు వ్యాపారంలో అందరికీ తెలుసు. ఇప్పటికీ పనిచేసేవాటిని కూడా కేజీల లెక్కన కొని పగలగొడతారు. లోహాలను తిరిగి తీయడం తప్పు కాదు, అవసరం. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ ప్రయోగశాల సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను పద్ధతిగా రాబట్టే విధానాల మీద పనిచేసింది. నా బాధల్లా పనిచేసేదేదో, చచ్చినదేదో గుర్తుపట్టే మనిషి తూకానికి ముందు ఒకసారి చూడకపోవడం గురించే.

కింది బోర్డు దగ్గరికి వద్దాం. రెండు చదరపు సాకెట్లు పాత పెంటియమ్‌వి. చిప్‌సెట్ మీద 82439హెచ్‌ఎక్స్ అని ఉంది, అంటే 430హెచ్‌ఎక్స్. దానితోపాటే వచ్చిన 430వీఎక్స్, తరవాత వచ్చిన టీఎక్స్ రెండు ప్రాసెసర్లను నడపలేవు. కాబట్టి ఆ ఒక్క అక్షరం తేడాతోనే ఇది నిజమైన జంట బోర్డని తేలింది. దీని స్లాట్‌లో దిగేది పెట్టెలోని పొట్టి కర్ర ఒకటి, కాంటాక్టులు 160. చూసినవాళ్లంతా ర్యామ్ అంటారు. ర్యామ్ కాదు, కాష్. కోస్ట్ మాడ్యూల్ అంటారు. మామూలుగా 256 లేదా 512 కిలోబైట్లు. ఈ బోర్డులో పెంటియమ్‌లు రెండూ ఆ ఒక్క కాష్‌నే పంచుకోవాలి. ఒకే అలమరాలో ఇద్దరి బట్టలు. పెంటియమ్ ప్రో తన కాష్‌ను తన పలకలోనే ఎందుకు పెట్టుకుందో ఈ కర్రను చూస్తే తెలుస్తుంది.

రెండు బోర్డుల మీదా, ఎవరూ పట్టించుకోని మూలలో, 64 కాళ్ల చిన్న ఐసీ ఒకటుంది. 82093ఏఏ అని రాసి ఉంటుంది. జంట బోర్డుకు దీనికన్నా గట్టి ఆనవాలు లేదు. కీబోర్డు మీట నొక్కినా, డిస్కు నుంచి సమాచారం వచ్చినా, ఎవరో ఒకరు ప్రాసెసర్‌ను పిలిచి "పని ఆపి ఇటు చూడు" అనాలి. దాన్నే ఇంటరప్ట్ అంటారు. 1981 ఐబీఎమ్ పీసీ నుంచి వచ్చిన పాత చిప్ ఆ పిలుపులను ఒక్క తీగ మీద పంపేది. కాలింగ్ బెల్ లాంటిది, ఒక ఇంట్లోనే మోగుతుంది. రెండు ఇళ్లున్నప్పుడు పిలుపు ఎవరికి వెళ్లాలో నిర్ణయించే టెలిఫోన్ ఎక్స్ఛేంజి కావాలి. ఆ ఎక్స్ఛేంజి ఈ 64 కాళ్ల చిప్, ఐఓ ఏపిక్. 24 పిలుపులను అందుకుని, ప్రతిదీ ఏ ప్రాసెసర్‌కు చేరాలో తనలోని పట్టిక చూసి, మూడంటే మూడు తీగల మీద పంపుతుంది. 2000 ప్రాంతం తరవాత ఈ పనిని పెద్ద చిప్‌సెట్లు తమలోనే కలిపేసుకున్నాయి, విడి చిప్ మాయమైంది.

కొన్ని కంపెనీలు ఒకే బోర్డును ఒంటి ప్రాసెసర్ రకంగా, జంట రకంగా రెండు ధరల్లో అమ్మేవి. ఒంటి రకంలో ఈ చిప్ చోటు ఖాళీగా, 64 మెరిసే తగరపు గీతలతో ఉండిపోయేది. అందుకే బోర్డు మీద ఉన్నవాటితోపాటు లేనివాటినీ చదవాలి.

ఎప్పుడైనా మీ చేతికి స్లాట్-1 సెలెరాన్ కార్డు వచ్చి, దాని అంచున సన్నని డ్రిల్ రంధ్రం, చేత్తో సోల్డర్ చేసిన వెంట్రుకంత వైరు కనిపిస్తే పాడైందని పారేయకండి. అది చిన్న చరిత్ర. బస్సు మీద ఇద్దరుంటే "ఇప్పుడు నా వంతు" అని అడగడానికి ఒక్కొక్కరికీ ఒక తీగ కావాలి. ఇంటెల్ చవక సెలెరాన్‌ను జంటగా వాడటానికి ఉద్దేశించలేదు, స్లాట్ కార్డు మీద బి75 అనే కాంటాక్టు దగ్గర ఆ తీగను అందకుండా చేసింది. చిప్‌లో మాత్రం శక్తి అలాగే ఉంది. 1998లో వచ్చిన 300ఏ రకంలో 128 కిలోబైట్ల కాష్ చిప్ లోపలే ఉండి చాలా చురుగ్గా పనిచేసేది. ఆసక్తిపరులు డ్రిల్ తీసుకుని ఆ తీగను తిరిగి తెరిచారు. 1999లో తైవాన్ కంపెనీ అబిట్, బీపీ6 అనే బోర్డుతో ఆ డ్రిల్ అవసరం లేకుండా చేసింది. రెండు సాకెట్-370లు, రెండు మామూలు సెలెరాన్లు, పైగా హైపాయింట్ కంపెనీ హెచ్‌పీటీ366 చిప్‌తో వేగమైన డిస్కు కనెక్టర్లు అదనం. సర్వర్ గదిలో మాత్రమే ఉండే జంట ప్రాసెసర్ విద్యార్థి బల్ల మీదకు వచ్చింది. విండోస్ 98కు రెండో ప్రాసెసర్ కనపడదు కాబట్టి, ఈ బోర్డు కొన్నవాళ్లు లినక్స్, విండోస్ ఎన్టీ, బీఓఎస్ లాంటివి నేర్చుకోక తప్పలేదు. ఒక కాంటాక్టు చాలామందికి చదువు చెప్పింది.

చివరికి మిగిలింది కింది బోర్డు మీద సాకెట్‌లో గుచ్చిన లావుపాటి నల్లటి దిమ్మె. పేరు స్పష్టంగానే ఉంది, డాలస్ డీఎస్12887. పక్కన గడియారం బొమ్మ. 24 కాళ్ల ఐసీ చోటే, కానీ కొన్ని కాళ్లు లేవు, ఎత్తు రెండింతలు. గడియారం చిప్, సెకండుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం, లిథియం బ్యాటరీ మూడింటినీ కలిపి ఎపాక్సీలో పోతపోశారు. 32,768 అంటే రెండును పదిహేను సార్లు హెచ్చించిన అంకె. సగానికి సగం పదిహేను సార్లు చేస్తే సెకండుకు సరిగ్గా ఒక్క దెబ్బ మిగులుతుంది, చేతి గడియారాల్లోనూ ఇదే స్ఫటికం. బ్యాటరీ పదేళ్లకని చేసింది. మీద 9631 ముద్ర ఉంది, అంటే ఎప్పుడో ఖాళీ అయిపోయింది. బ్యాటరీ పోతే బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోతుంది. లేని కాళ్ల చోటే దారి. 16, 20 నంబర్ల కాళ్లను తయారీలో లోపలికి మడిచి బ్యాటరీకి కలిపారు. చిన్న రంపపు బిళ్లతో ఎపాక్సీని ఆ రెండు చోట్ల గీకితే లోహం తగులుతుంది. 20కి ప్లస్, 16కి మైనస్. లోపలి బ్యాటరీ దారి తెంచి, వాచీ షాపులో దొరికే మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీకి హోల్డర్ పెట్టి వైర్లు కలిపాను. గంటన్నర పట్టింది, చేయి వణికితే చిప్ పోతుందన్న భయం వల్ల.

పై బోర్డుకు వెంటనే స్విచ్ వేయలేదు. ముందు కెపాసిటర్లు చూశాను. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటికి కెపాసిటర్ల లోపలి ద్రవం చెడి, పైన గీత పెట్టిన మూత ఉబ్బిపోతుంది. ఉబ్బినవి రెండు దొరికాయి, మార్చాను. తరవాత ఒక పెంటియమ్-2 మాత్రం గుచ్చి, రెండో స్లాట్ ఖాళీగా వదిలి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగా ఉండిపోయింది. ఆపి, చిప్ లేని కార్డును రెండో స్లాట్‌లోకి నొక్కాను. మళ్లీ వేశాను. ఒక బీప్. తెర అడుగున పొడవాటి అంకెల వరస, అందులో 2ఏ69కే అన్న ముక్క. అవార్డ్ బయోస్ భాషలో అది 440బీఎక్స్ చిప్‌సెట్ గుర్తు, దాని వెనకే తయారీదారును చెప్పే రెండక్షరాలు. మర్నాడు రెండో పెంటియమ్-2 కూడా పెట్టాను. ప్రాసెసర్లు రెండు అని తెర మీద వచ్చింది.

తీసేసిన కార్డును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, దాన్ని బోర్డు ఉన్న డబ్బా గోడకే టేపుతో అతికించాను. కవర్ మీద మార్కర్‌తో రాశాను: "స్లాట్-1 టర్మినేటర్. ఈ బోర్డుదే. ఒక్క ప్రాసెసర్‌తో నడపాలంటే రెండో స్లాట్‌లో ఇది ఉండాలి. పారేయవద్దు."